ఒకటి చుక్క రెండు

క్యారియర్ మధ్య గిన్నెకు మూత పట్టలేదు. ఎలిజబెత్ దాన్ని అరచేత్తో అదిమింది, ఇటు తిప్పింది, అటు తిప్పింది, విసుగొచ్చి గట్టు మీద ఠపీమని పెట్టింది.

“ఇది మన మూత గాదని మొన్నే చెప్పినా. చూడు, పేరు చూడు.”

మూత మీద సన్నని చుక్కలతో చెక్కిన అక్షరాలున్నాయి: జి. కృపమ్మ. చర్చిలో ప్రేమవిందు నాడు గిన్నెలు కడిగినచోట మారిపోయింది. ఎలిజబెత్ సామాను మీద ఎస్. ఎలిజబెత్ అని ఉంటుంది. పెళ్లికి వాళ్ల నాయన అంగడి ముందు ఎండలో నిలబడి, దగ్గరుండి చెక్కించిన పేరు అది.

శ్యాంసుందర్ గోడ అద్దంలో చూసుకుంటూ తడి తల దువ్వుకుంటున్నాడు. “మూత మూతే. రొంత గట్టిగా ఒత్తితే పడ్తాది.”

“ఒత్తితే పడేది మూత గాదు, చారు. పోయిన వారం నీ సంచి ఎవరు ఉతికినారు?”

“నువ్వే.”

“తెచ్చేటప్పుడు పేరు చూసుకోవాల గదా. అక్షరాలు రావా నీకు?”

“అంతమంది గిన్నెలు కడుగుతాంటే నేను పేర్లు చదువుకుంటా కూసోవాల్నా?”

వరండాలో మంచం మీద కూర్చుని మోకాళ్లకు నూనె రుద్దుకుంటున్న సంజీవయ్య గొంతెత్తాడు. “ఈ ఇంట్లో మూత పడాల్సిన నోర్లు రెండుండాయి. గిన్నె సంగతి తర్వాత చూడండి.”

ఎలిజబెత్‌కు నవ్వొచ్చింది గానీ మామ ముందు నవ్వలేదు. చారు గిన్నె మీద పాత చీర పేలిక పరిచి, దాని పైన మూత బిగించి, క్యారియర్ కొక్కెం వేసింది. “ఆదివారం కృపమ్మత్తకు ఇది ఇచ్చేసి మనది తెచ్చుకోవాల. దీన్ని గూడ యాడన్నా పడేసి రావద్దు.”

శ్యాంసుందర్ సంచి సైకిలు హ్యాండిలుకు తగిలించాడు.

నిన్నటి దసరా నంద్యాల రోడ్ల మీద ఇంకా చెదరలేదు. అంగళ్ల ముందు పగిలిన గుమ్మడికాయ ముక్కల మీద ఈగలు ముసిరాయి. బేతంచెర్ల బండలు మోసుకొచ్చిన లారీ ఒకటి ముందు బంపరుకు వాడిన బంతిపూల దండతో పక్కకు ఆగి ఉంది. పండుగకు ముందు మంచి వాన పడింది. నల్లరేగడి పదునెక్కింది. ఈ పదును ఆరకముందే శనగ పడాలని రైతులు విత్తనాల కంపెనీ గేటు ముందు అప్పుడే చేరారు.

ఆ కంపెనీలో శ్యాంసుందర్ ఫోన్ల మనిషి. మెడ కొంచెం ఎడమకు వాలి ఉంటుంది. రెండు చేతులతో వైర్లు పట్టుకుని, రిసీవరును భుజానికీ చెవికీ మధ్య అదిమి పెట్టడం అలవాటై, ఫోను లేనప్పుడూ మెడ అట్లాగే నిలిచిపోయింది. కుడి బొటనవేలి గోరు నడుమ చీలి ఉంటుంది. వైరు పైతొక్క దానితోనే ఒలుస్తాడు. మీసం కట్టకముందు కేబుల్ గుంతలు తవ్వే కూలీలతో ఈ కాంపౌండులోకి వచ్చాడు. గుంతలు పూడ్చాక వాళ్లు వెళ్లిపోయారు, ఇతను ఉండిపోయాడు. త్రాళ్లు గుచ్చి మాటలు కలిపే పాత బోర్డు, తర్వాత గోడకు బిగించిన ఎక్స్చేంజి పెట్టె, ఇప్పుడీ కంప్యూటర్ లాంటి సర్వరు, మూడూ అతని చేతి కిందనే నడిచాయి. బజార్లో అతన్ని ఫోన్ శ్యామూ అంటారు. ఆ పేరు వినబడితే అతను సైకిలు మీదనే రొంత నిటారుగా కూర్చుంటాడు.

కంపెనీలో రాత్రిపూట మెయిన్ ఆపేసి పోవడం అలవాటు. పత్తి విత్తనం ఉన్నచోట నిప్పు భయం. అందుకే రోజూ అందరికంటే ముందొచ్చి, ఫోన్ల గది తాళం తీసి, ముందు రౌటరు, దాని వెనకే సర్వరు వేసి, పచ్చ దీపాలు కుదురుగా వెలిగేదాకా నిలబడడం అతని మొదటి పని. మిగతావాళ్లు వచ్చి తమ కంప్యూటర్లు వేసుకునేసరికి అతని టీ కూడా అయిపోయేది.

ఈ పొద్దు గది తాళం తీసే ఉంది, చెవి దానికే వేలాడుతోంది. లోపల ఏసీ తిరుగుతోంది. దీపాలు మిణుకుమంటున్నాయి. పూజ చేసిన యంత్రాన్ని ఆ రాత్రి ఆపకూడదని అన్నీ వేసే ఉంచారు. సర్వరు నుదుట పసుపు, కుంకుమ. వెనక గాలి పోయే జాలీలో ఎవరో చామంతి పువ్వు గుచ్చారు. ఏటా ఆయుధ పూజ నాడు తాళంచెవి మేనేజరుకిచ్చి శ్యాంసుందర్ ఇంటికి వెళ్లిపోతాడు. ఎవరూ పొమ్మనరు, ఎవరూ ఉండమనరు. మరుసటి రోజు అతని బల్ల మీద ఒక మిఠాయి పొట్లం ఉంటుంది. పూజలో పెట్టకముందే మేనేజరు ఓబుళరెడ్డి తీసి పక్కనుంచిన పొట్లం. ఈసారీ ఉంది. శ్యాంసుందర్ స్విచ్చు దాకా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేయడానికి ఏమీ లేదు.

“వచ్చినావా?” గుమ్మంలో ఓబుళరెడ్డి. కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు. “నిన్న మాపట్నుంచి ఆళ్లగడ్డ ఫోను చచ్చిపోయిందప్పా. బయ్యన్న మాటిమాటికీ రోడ్డు మీదికొచ్చి సెల్లులో అరుస్తాండాడు. గోడౌన్ లోపల సిగ్నల్ లేదంట.”

ఆళ్లగడ్డ గోడౌన్‌లో మూటలు చూసుకునే బయ్యన్న ఫోను ఇంటర్నెట్ తీగ గుండా ఈ సర్వరుకు కలిసి ఉంటుంది, ఇక్కడి ఫోన్లకు మాత్రం సొంత వైర్లున్నాయి. నంద్యాల నుంచి సరే అన్న మాట అందితేగానీ అక్కడ విత్తనం మూటలు గడప దాటవు.

“పేజీ తెరిచి చూస్తా సార్.”

“చూడు. హైదరాబాదోళ్లు, మెషిన్ ఇచ్చినోళ్లు, మొత్తం మాకే ఇడిసిపెట్టండి, ఆడ మనిషే అక్కర్లేదని రోజూ మెయిల్ పెడ్తాండారు. నేనే ఆపినా. మాపటికి ఇది తెమలకుంటే నేనింక ఆపలేను శ్యామూ. నీకు ఆళ్లగడ్డ గోడౌనే గతి.”

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట గదిలోనే ఉండిపోయింది.

సర్వరుకు తెర లేదు. దాని తెరను ఎండాకాలంలో ఆళ్లగడ్డకు పంపించారు. దానికి ఏదైనా చెప్పాలంటే బల్ల మీది పాత కంప్యూటర్లో బ్రౌజరు తెరిచి, పైన దాని నెంబరు కొట్టాలి. పొడుగాటి నెంబరు, శ్యాంసుందర్ చివరి భాగమే పేరులా పిలుస్తాడు, ఒకటి చుక్క రెండు. కొడితే నీలం పట్టీతో ఒక పేజీ వస్తుంది. అందులో ఏ ఫోను బతికుందో, ఏది లేదో అన్నీ వరసగా కనబడతాయి.

కొట్టాడు. తెల్లటి తెర. ఎడమ మూలన గంటల తరబడి తిరుగుతున్నట్టు అనిపించే చిన్న గుర్తు. చివరికి రెండు ఇంగ్లీషు వాక్యాలు: ఈ పేజీ చూపించడం కుదరలేదు.

మళ్లీ కొట్టాడు. అంకెలు ఒక్కొక్కటే పైకి చదువుకుంటూ కొట్టాడు. అదే తెలుపు.

పువ్వు పీకేశాడు. జాలీ ఊదాడు. వైరు కొన పట్టుకుని చూస్తే పచ్చగా ఉంది, పసుపు. తుడిచాడు. కొత్త వైరు కోసి, రెండు కొనలకూ క్లిప్పులు వేసి మార్చాడు. అదే తెలుపు.

హైదరాబాదుకు ఫోన్ చేశాడు. సన్నాయి పాట చాలాసేపు వినిపించాక సురేశ్ అనే కుర్రాడు పలికాడు.

“సార్, బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేశారా?”

“చేసినా.”

“ఇంకో బ్రౌజర్లో ట్రై చేశారా?”

“ఇంకోటి లేదిక్కడ.”

“సరే, పింగ్ చేసి చూడండి సార్.”

పింగ్ అంటే గుమ్మం బయట నిలబడి ఉన్నారా అని పిలవడం లాంటిది. నల్ల తెర మీద జవాబులు టకటకా పడ్డాయి. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను.

“పలుకుతాంది.”

“అయితే సర్వర్ లైవ్‌లోనే ఉంది సార్. వెబ్ సర్వీస్ హ్యాంగ్ అయ్యుంటుంది. ఒకసారి రీస్టార్ట్ చేసి నాకు కాల్ చేయండి,” అని సురేశ్ పెట్టేశాడు.

ఉన్నానంటుంది, తలుపు తీయదు. శ్యాంసుందర్‌కు చెవుల వెనక వేడెక్కింది. ఇంట్లో ఎవరూ లేకపోతే తాళం చూసి వెనక్కు పోవచ్చు. లోపలి నుంచి పలుకుతూ తలుపు తీయని ఇంటి ముందు ఎంతసేపని నిలబడడం?

గది బయట అద్దాల గూటిలో ఆపరేటర్ లూదియా కూర్చుని ఉంది. వెంట్రుకలు ముందు భాగంలో నెరిశాయి, ముక్కుకు కళ్లద్దాల గుంతలు పడ్డాయి. త్రాళ్ల బోర్డు నాటి నుంచి ఉన్నది వీళ్లిద్దరే.

“అక్కా, సర్వరు పెట్టె ఆపి వేస్తాండా.”

“రొంత ఆగు శ్యామూ. సారు కర్నూలుతో మాట్లాడ్తాండాడు.”

“ఎంతసేపని ఆగేది? పొద్దన్నుంచి ఆగడమే గదా నా పని!” అని నొక్కేశాడు.

గూటిలో దీపాలన్నీ ఒక్కసారిగా పోయాయి. హాలు అవతల నుంచి ఓబుళరెడ్డి కేక వినబడింది. “ఎవరప్పా అది! కర్నూలాయన ఇప్పుడిప్పుడే దారికొస్తాండె!”

లూదియా హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకుని, చేతులు దాని మీద ఆనించి కూర్చుంది. సర్వరు మెల్లగా లేచింది. ఫోన్లు మళ్లీ మోగాయి. శ్యాంసుందర్ వెళ్లి ఒకటి చుక్క రెండు కొట్టాడు.

తెలుపు.

అకౌంట్స్ గదిలోకి వెళ్లి ఒక కంప్యూటర్ తెర కాసేపు అడిగాడు, సర్వరుకు తగిలించి చూద్దామని. బిల్లులు రాస్తున్న అమ్మాయి తల కూడా తిప్పలేదు. “అన్నా, ఇప్పుడు తెర పీకితే బయట లారీలోళ్లు నా తల పీకుతారు. మాపటికి రా.” మాపటికి. అందరికీ మాపటే.

ఈలోగా బయ్యన్న మళ్లీ సెల్లులో. “సామీ, దొర్నిపాడోళ్లు ట్రాక్టర్లు తెచ్చుకోని తెల్లార్నుంచి ఈడ్నే ఉండారు. నేను రోడ్డుకూ గోడౌనుకూ తిరుగుతాండా. ఒగసారి సరే అంటారు, లోపలికి పోయేలోపల ఎన్ని మూటలన్నారో మర్సిపోతాండా. కండ్లు గూడ ఆనడం లే, కాయితం మింద రాసుకున్నా కనపడదు. ఆ ఫోను బతికించు సామీ.”

“బతికిస్తా. రొంత ఓర్చుకో అన్నా.”

“నేను ఓర్చుకుంటా. పదును ఓర్చుకుంటాదా?”

మధ్యాహ్నం శ్యాంసుందర్ చల్లగా ఉంటుందని ఎప్పటిలాగే ఫోన్ల గదిలోనే క్యారియర్ విప్పాడు. సంచి అడుగు తడిసి ఉంది. పేలిక చారు పీల్చుకుని ఎర్రగా నానింది. గిన్నెలో సగమే మిగిలింది. ఎలిజబెత్ అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. మూతను సర్వరు మీద ఠంగుమని బోర్లించి పెట్టి, అన్నం కలిపాడు.

లూదియా తన డబ్బా తెచ్చుకుని స్టూలు మీద కూర్చుంది. చెనిగ్గింజల పొడి రొంత అతని అన్నం పక్కన పెట్టింది.

“పొద్దన అరిసినందుకు ఏమనుకోవద్దు అక్కా.”

“నువ్వు నా మీద అరవక ఎవరి మీద అరుస్తావు? పాత బోర్డప్పుడు త్రాడు ఇసిరి కొట్టినావు గుర్తుందా? ఆ మచ్చ ఇంగా ఉండాది.” మణికట్టు చూపింది. అక్కడ మచ్చేమీ లేదు. ఇద్దరూ నవ్వారు.

నవ్వు ఆగాక శ్యాంసుందర్ అన్నాడు. “నన్ను ఆళ్లగడ్డకు తోల్తే ఏం జేస్తా నేనాడ? మూటలు లెక్కబెట్టేదా? ఒగ ఫోను మోగితే అది ఏ గదిదో, తీసేవాడు కోపంగా ఉండాడా లేదా, నాకు ఈడ్నుంచే తెలుస్తాది. మూటలకు ఏం తెలుస్తాదక్కా?”

లూదియా నమిలి మింగింది. “నిన్న నువ్వు లేవు గానీ, నీ పెట్టెను శానాసేపు చీకట్లో పెట్టినారప్పా. నేను గూట్లోంచి చూస్తాంటి.”

“ఏంటికి?”

“అన్నీ ఆపి తుడిచినారు గదా. నీ రౌటరు గూడ. గది తాళంచెవి పూజ పళ్లెంలో పెట్టిండ్రి. మొదట రౌటరు ఎలిగించి తాళమేసినారు, అది అందరికీ కావాల గదా. హారతి అయినాక సారు తన కంప్యూటర్ వేసినాడు, పెద్దాయన గదా. తర్వాత అకౌంట్సోళ్లు. తర్వాత బిల్లులు. తర్వాత ప్రింటర్లు. తాళంచెవి పసుపులో యాడనో కూరుకపోయి కనపడలే. అది దొరికినాక ఆఖర్న నీ పెట్టె. నేను ఎక్స్చేంజి లేకుండా గమ్మున కూసోని ఉంటి.”

శ్యాంసుందర్ చెయ్యి గిన్నెలో ఆగిపోయింది.

రౌటరు ఒక్కో యంత్రానికీ ఒక్కో నెంబరు ఇస్తుంది. తను ఒకటి. తర్వాత ఎవరు ముందు మేలుకుంటే వాళ్లకు రెండు, ఆ తర్వాతవాళ్లకు మూడు. సర్వరు పెట్టినవాళ్లు, దీనికి మారని నెంబరు తర్వాత పెట్టుకోండని చెప్పి బస్సెక్కారు. ఎట్లా పెట్టాలో చెప్పలేదు, ఇతను అడగలేదు. రోజూ అందరికంటే ముందు తన చేత్తో లేపితే చాలు, అది రెండే అవుతుందని కనిపెట్టుకున్నాడు. ఆ కిటుకు ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పెద్ద విషయం అనిపించలేదు, చెప్పకపోవడమూ బాగుండేది.

నిన్న రెండు మేనేజరుకు పోయింది. పొద్దున్నుంచి తను తలుపు తట్టిందంతా ఓబుళరెడ్డి కంప్యూటరుది. అదే ఉన్నాను, ఉన్నాను అని మర్యాదగా పలికింది. ఆళ్లగడ్డ నుంచి వచ్చే మాటనూ రౌటరు పాత అలవాటు కొద్దీ దానికే పంపుతోంది.

చేయి కడుక్కోకుండానే లేచి, ఎడమ చేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటి చుక్క మూడు. తెలుపు. నాలుగు. తెలుపు. ఐదు. వీధిలో వరసగా తలుపులు తట్టుకుంటూ పోయినట్టు. ఒకచోట ప్రింటరు తన పేజీ తెరిచి సిరా తక్కువుందని చెప్పింది. ఆ తర్వాతి దానికి నీలం పట్టీ వచ్చింది.

లూదియా స్టూలు మీది నుంచి మెడ చాచి చూసింది. “అదేనా?”

“అదే.”

వరసలో అన్ని ఫోన్ల పక్కనా పచ్చ చుక్కలు. ఆళ్లగడ్డ దగ్గర ఎరుపు.

“సారుతో పూజ సంగతి చెప్పొద్దు శ్యామూ,” అంది లూదియా మెల్లగా. “చెప్తే అది మెషిన్ మాటగా ఉండదు. వేరే మాటైపోతాది.”

అతను బల్ల మీది మిఠాయి పొట్లం వైపు చూశాడు. “ఏంటికి చెప్తా.”

ఇప్పుడు రెండు దార్లున్నాయి. సాయంత్రం అందరూ పోయాక మెయిన్ ఆపి, రేపు పొద్దున తనే ముందొచ్చి తన వరసలో వేస్తే చాలు. సర్వరు మళ్లీ రెండవుతుంది, ఆళ్లగడ్డ పలుకుతుంది, కిటుకు కిటుకుగానే ఉంటుంది. రేపు అనేది పెద్ద ఆలస్యం కాదు. రెండోది, ఇప్పుడే హైదరాబాదుకు ఫోన్ చేసి మారని నెంబరు పెట్టించడం.

సెల్లు మోగింది. బయ్యన్న. వెనక ట్రాక్టరు శబ్దం. “సామీ, ఇద్దరు ఎనక్కి పోయినారు. మిగిలినోళ్లు నా మీద ఎగుర్తాండారు. ఏమన్నా తెలిసిందా?”

శ్యాంసుందర్ మూతి తుడుచుకున్నాడు. “తెలిసింది. గోడౌన్ లోపలికి పోయి ఫోను కాడ కూసో అన్నా. ఇంక రోడ్డు మీదికి రావద్దు.”

హైదరాబాదు లైను కలిసింది.

“సార్, మీరు ఇన్నాళ్లూ స్టాటిక్ నెంబర్ పెట్టలేదా?” సురేశ్ ఆశ్చర్యపోయాడు. “పర్లేదు, ఐదు నిమిషాల పని. నేను చెప్తే మీకు లేటవుతుంది. నాకు ఇక్కణ్ణుంచి యాక్సెస్ ఇచ్చేయండి, నేనే చేసేస్తా.”

అతను చెప్పిన గడిలో శ్యాంసుందర్ టిక్కు పెట్టాడు. సరే అన్నదాన్ని నొక్కాడు. తెర మీద బాణం గుర్తు తనంతట తానే కదిలింది. అతను ఉలిక్కిపడి మౌసు మీది నుంచి చెయ్యి తీసేశాడు. బాణం ఎవరినీ అడగకుండా పేజీలు తెరిచింది, మూసింది. అతను రెండేళ్లలో ఎన్నడూ చూడని గదుల్లోకి నేరుగా నడిచి వెళ్లింది. సర్వరు నెంబరు యాభై అయింది. ఇంక అది ఎప్పుడు మేలుకున్నా, ఎవరు లేపినా యాభైయే. ఆళ్లగడ్డ మాటనూ సురేశ్ అటే తిప్పాడు.

“అయిపోయింది సార్. పేజీని బయటి నుంచి కూడా ఓపెన్ అయ్యేలా పెట్టాను. ఈసారి ప్రాబ్లమ్ వస్తే మిమ్మల్ని డిస్టర్బ్ చేయకుండా మేమే చూసుకుంటాం.”

ఎరుపు చుక్క పచ్చనైంది. ఆ వెంటనే గూటిలో లూదియా ముందు దీపం వెలిగింది. ఆమె తీసి విని, అద్దంలోంచి శ్యాంసుందర్ వైపు చూసి, లైను అతనికి కలిపింది. అతని టెస్టు ఫోనులో బయ్యన్న గొంతు దగ్గరగా, గది మూలన నిలబడి మాట్లాడుతున్నట్టు వినబడింది.

“సామీ! ఈడ్నుంచే మాట్లాడ్తాండా! కూసోని మాట్లాడ్తాండా!”

సాయంత్రం దాకా మూటలు కదిలాయి. ఓబుళరెడ్డి ముఖం విప్పారింది. పొద్దు వాలుతుండగా ఫోన్ల గదికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అతను ఆ గదిలో కూర్చోవడం ఎప్పుడూ లేదు.

“ఏమైందంట అసలు?”

“నెంబరు మారింది సార్. నేను కట్టేయలే. ఇప్పుడు కట్టేసినారు.”

“ముందే కట్టేసింటే అయిపోయేది గదా.”

“అయిపోయేది సార్.”

ఓబుళరెడ్డి కండువా మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. “కంపెనీ ఓనరుకు హైదరాబాదోళ్లు ఫోన్ చేసినారు. ఇంక ఆడ్నుంచే అంతా చూసుకుంటారంట, రాత్రిపూట గూడ పెట్టె ఆపొద్దన్నారు. పేజీ వాళ్లకు ఆడ్నే తెరుచుకుంటాందంట గదా. పొద్దన నేనన్నది తెరుచుకోకపోతే సంగతి. తెరుచుకున్నా ఇట్లయితాదనుకోలే. బయ్యన్నకు కండ్లు ఆనడం లే, నీకూ తెలుసు. ఆడ నమ్మకమైన మనిషి కావాల. పోతావా, లేదంటే లెక్క చూసి పంపమంటావా, రేపు పొద్దన్న చెప్పు. బలవంతం ఏం లేదు.”

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి చెయ్యి చాపాడు. “తాళంచెవి నా కాడ ఉండనీలే.”

శ్యాంసుందర్ తాళం వేశాడు. చెవి తీసి ఇచ్చాడు. దాని పళ్ల సందుల్లో పసుపు ఇంకా ఉంది.

గూటిలో లూదియా హెడ్‌సెట్ తీసి కొక్కేనికి తగిలిస్తోంది. అంతా విన్నదని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. “రేపు ఆళ్లగడ్డ నుంచి లైను వస్తే నేనే ఎత్తుతా గదా,” అంది. “నువ్వు కోపంగా ఉండావో లేదో నేను చెప్తా.”

రాత్రి భోజనాలకు బేతంచెర్ల బండల మీద చాప పరిచింది ఎలిజబెత్. జొన్నరొట్టె, వంకాయ కూర. సంజీవయ్యకు రొట్టె మెత్తబడాలని పాలలో తుంచి వేసింది. ప్రార్థన సంజీవయ్యే చేశాడు. ఎప్పటికంటే పొట్టిగా ముగించాడు, ఆకలి కాబోలు.

“వచ్చినప్పట్నుంచి ముఖం అట్ల పెట్టుకోనుండావు. ఏమైంది?” అడిగింది ఎలిజబెత్.

శ్యాంసుందర్ రొట్టె తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. జరిగినది చెప్పాడు. పూజ మాట ఇంట్లో కూడా చెప్పలేదు. నెంబరు మారిందని, హైదరాబాదోడు సరిచేశాడని, ఇంక తన అవసరం లేదని చెప్పాడు.

“నువ్వు దావ ఇయ్యకుంటే వాడెట్ల లోపలికొచ్చేవాడు?” ఎలిజబెత్ గొంతు లేచింది. “ఒగ రాత్రి ఆగింటే ఏం పోయేది?”

“బయ్యన్న ఎండలో నిలబడుకోనుండె.”

ఎలిజబెత్ కూర గరిటెతో గిన్నె అంచు గీకింది.

సంజీవయ్య పాలలో వేలు తిప్పుతూ అన్నాడు. “నేను బేతంచెర్లలో చేత్తో బండ నునుపు పట్టేవాన్ని. పైన అరచెయ్యి పెట్టి, ఈడ ఇంగా గరుకుండాదని చెప్తాంటి. మిషన్ వచ్చినాక నన్ను పొమ్మనలే. దానికి నీళ్లు పోస్తా నిలబడమనిరి. నిలబడితి. నీళ్లు పోసేవాన్ని గూడ నాయనా అనే పిలిచేవాళ్లులే.” కూర్చున్న బండను అరచేత్తో ఒకసారి రాశాడు. “ఇది నేను పట్టిందే.”

వీధిలో ఎవరింట్లోనో ఫోను మోగింది. శ్యాంసుందర్ మెడ ఎడమకు వాలింది, విని, నిటారైంది.

“పోతా,” అన్నాడు. “రేపట్నుంచి ఆళ్లగడ్డ బస్సే. పొద్దన్నే క్యారియర్ కట్టాల. బయ్యన్నకు గూడ రొంత ఎక్కువ పెట్టు, ఆయప్ప ఒక్కడే వండుకుంటాడు.”

ఎలిజబెత్ అతని కంచంలో ఇంకో రొట్టె వేసింది. వద్దన్నా వేసింది. లేచి, సంచిలోంచి క్యారియర్ తీసి, కడగడానికి గిన్నెలు ఒక్కొక్కటే విడదీసింది. పై గిన్నె, మధ్య గిన్నె, అడుగు గిన్నె. ఎర్రబడిన పేలిక. చేత్తో సంచి అడుగుదాకా వెతికింది.

“మూత యాడ?”

శ్యాంసుందర్‌కు గుర్తొచ్చింది. “ఆడ్నే... పెట్టె మీద.”

“రేపు పోయేముందు తీసుకో.”

“తాళంచెవి ఇచ్చేసినా.”

ఆమె గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆదివారం కృపమ్మత్తకు ఏం చెప్పాలని అడగబోయి, అడగలేదు. “సరేలే,” అంది. “ఆ గిన్నె మీద పళ్లెం ఏదన్నా పెట్టి కడతా.”

తాళం వేసిన ఫోన్ల గదిలో, పసుపు కుంకుమల సర్వరు మీద, చారు మరక ఎండిన మూత కృపమ్మ పేరు పైకి పెట్టుకుని, లోపల తిరుగుతున్న ఫ్యాను అదురుకు సన్నగా మోగుతూనే ఉంది.